ఊపిరి ఆగిన చోట కామా

బర్నబాస్ మాస్టారి నాలుగో పాఠం తప్పు. ఆ సంగతి హెప్సిబాకి ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు. తెలిసి కూడా ఏనాడూ నోరు విప్పలేదు. ఇప్పుడా పాఠం తెనాలిలో ఒక ప్రెస్సు బల్ల మీద టైపు చేసిన కాగితాలై కూర్చుంది. ప్రెస్సు యజమాని వినోద్ కుమార్ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇంకేమన్నా తప్పులున్నాయాండి మేడమ్? లేకపోతే అచ్చు ప్లేట్లు తీయడానికి ఇచ్చేస్తాను" అంటున్నాడు.

"ఒక్క పాఠం మిగిలిందండి. ఇంటికి తీసుకెళ్ళి చూసి ఇస్తాను" అంది హెప్సిబా. ఆ నాలుగు కాగితాలూ మడిచి బ్యాగులో పెట్టుకుని బాపట్ల రైలెక్కింది.

ఈ పుస్తకం హడావుడి మొదలుపెట్టింది కొండలరావు. రేపల్లెలో రైసుమిల్లు అతనిది. పదో తరగతిలో హెప్సిబా వెనక బెంచీలో కూర్చుని ఆమె నోట్సు చూసి రాసేవాడు. ఆ మాట ఇప్పటికీ పదిమందిలో గర్వంగా చెప్పుకుంటాడు. మాస్టారికి వచ్చే నెలలో డెబ్భై అయిదేళ్ళు నిండుతున్నాయని తెలిసిన దగ్గర్నుంచి అతనికి కాలు నిలవలేదు. శాలువా కప్పి, దండ వేసి, నాలుగు ముక్కలు మాట్లాడి భోజనాలకి లేచిపోవడం అతనికి నచ్చలేదు. మాస్టారు ముప్పై ఒక్క ఏళ్ళపాటు బోర్డు మీద రాయించిన ఇంగ్లీషు గ్రామరు నోట్సు ఉంది కదా, దాన్ని పుస్తకంగా వేయించి చుట్టుపక్కల హైస్కూళ్ళలో పదో తరగతి పిల్లలందరికీ పంచుదామన్నాడు. పాత విద్యార్థులందరూ సరేనన్నారు. "మనలో ఇంగ్లీషు టీచరువి నువ్వొక్కదానివేగా" అని తప్పులు చూసే పని హెప్సిబా నెత్తిన పెట్టారు. బాపట్లలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది ఆమె. కాదనడానికి కారణం దొరకలేదు. ఉన్న ఒక్క కారణం బయటికి చెప్పేది కాదు.

నాలుగో పాఠం ఇంగ్లీషు వాక్యాల్లో కామాలు ఎక్కడ పెట్టాలన్నది. అందులో ఉన్న సూత్రం ఒకటే. వాక్యాన్ని పైకి చదువు, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా పెట్టు.

ఈ సూత్రం మాస్టారికి గ్రామరు పుస్తకంలో దొరకలేదు, చర్చిలో దొరికింది. రేపల్లె లూథరన్ చర్చిలో ఆదివారం ఆరాధనకి వాక్యభాగం చదివేది ఆయనే. శనివారం సాయంత్రం బైబిలు ముందు పెట్టుకుని పైకి చదువుకుంటూ, ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా పెన్సిలుతో సన్నగా గీత పెట్టుకునేవారు. ఆయన తండ్రి కూడా అలాగే పెట్టుకునేవాడట. ఆదివారం పొద్దున ఆయన గొంతెత్తితే వెనక వరసలో కునికిపాట్లు పడేవాళ్ళు కూడా తల ఎత్తేవారు. ఎక్కడా తడబాటు ఉండేది కాదు, ఆయాసం ఉండేది కాదు. ఆ పెన్సిలు గీతల్నే ఆయన హైస్కూలుకి తెచ్చి ఇంగ్లీషు వాక్యాలకి తగిలించారు.

చదవడం వరకూ ఆ పద్ధతికి తిరుగులేదు. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినని పిల్లలు తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు ముందు నిలబడి, ఒక పేజీ ఇంగ్లీషు ఎక్కడా తొట్రుపడకుండా చదివేసేవారు. ఆ ఆఫీసర్లు మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేవారు. చిక్కల్లా రాయడం దగ్గరే వచ్చింది. వాక్యంలో ఏది దేనికి చెందిందో ఊపిరికేం తెలుసు? "ది మ్యాన్ హూ సెల్స్ లెమన్స్ ఎట్ తెనాలి స్టేషన్" అనేసరికి పిల్లవాడి ఊపిరి అయిపోతుంది. అక్కడో కామా పడుతుంది. ఆ తర్వాత తీరిగ్గా "ఈజ్ మై అంకుల్" అని వస్తుంది. నిమ్మకాయలమ్మే మనిషి ఒకవైపు, మావయ్య ఒకవైపు, మధ్యలో ఏ పనీ లేని కామా. ఇంకోచోట "ఇట్ వాజ్ రెయినింగ్" అని ఒక పూర్తి వాక్యం, "వియ్ స్టేయ్డ్ ఎట్ హోమ్" అని ఇంకో పూర్తి వాక్యం. గుక్క చిన్నదే కాబట్టి ఫుల్‌స్టాప్ పెట్టాల్సిన చోట కామాతో అతికించేస్తారు. మాస్టారి శిష్యులు ఎక్కడున్నా వాళ్ళు రాసిన ఇంగ్లీషు అర్జీ చూస్తే చాలు, గుర్తుపట్టొచ్చు.

హెప్సిబాకి ఇది తెలిసిన రోజు గుర్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది గుంటూరులో టీచర్లకి ట్రైనింగు పెట్టారు. అక్కడ పాఠం చెప్పే ఆయన ఆమె రాసిన పేరా బోర్డు మీదికెక్కించి, "ఈ కామాలు నీకు ఎవరు నేర్పారమ్మా? ఆ మేస్టరుకి ఆయాసం జబ్బేమన్నా ఉందా?" అన్నాడు. గది గదంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో ఏం చేయాలో తోచక హెప్సిబా కూడా నవ్వింది. ఆ తర్వాత ఆయన ఏది ఎందుకు తప్పో విడమరిచి చెప్పాడు, ఆమె నేర్చుకుంది. నేర్చుకున్నది మంచికే. కానీ మాస్టారిని నలుగురూ నవ్విన నవ్వులో తనూ గొంతు కలిపానన్న సంగతి ఆమె మనసులోంచి ఈనాటికీ పోలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి కేకు తీసుకుని రేపల్లె వెళ్ళింది. ఎలాగైనా చెప్పేయాలనే వెళ్ళింది. మాస్టారు ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ ఆమెని నిలబెట్టి, "ఇదిగో, మా హెప్సిబా. గవర్నమెంటు టీచరు. నేను చెప్పిన కామా ఒక్కటి తప్పు పెట్టదు" అన్నారు. ఇంకేం చెబుతుంది? వచ్చే ఏడు చెబుదామనుకుంది. ఆ వచ్చే ఏడు రానే లేదు. కేకు మాత్రం ఏటా వెళ్ళింది.

సరే, చెప్పలేకపోతే పోయె, పాఠం మార్చేస్తే సరిపోతుంది కదా అనుకుంది ఇప్పుడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, మధ్యాహ్నమంతా కూర్చుని నాలుగో పాఠం మొత్తం కొత్తగా రాసింది. మాస్టారి ఉదాహరణలు మాస్టారివే. నిమ్మకాయలు అమ్మే మనిషి, జంపని చెరుకు బండ్లు, వాన, అన్నీ ఉన్నాయి. మాస్టారి మాట తీరు కూడా ఉంది. సూత్రం మాత్రం లేదు. ఊపిరి అన్న మాట పాఠంలో ఎక్కడా రాకుండా చూసింది. రాశాక చదువుకుంటే దొంగతనంగా ఇంట్లోకెళ్ళి సామాను సర్దిపెట్టినట్టు అనిపించింది.

కొండలరావుకి ఫోన్ చేసి చెప్పింది.

"మంచిపని చేశావ్ తల్లీ" అన్నాడు కొండలరావు. "పుస్తకం పదిమంది చేతుల్లోకి వెళ్ళేదాయె. సార్‌కి మాత్రం చెప్పమాక. పెద్దాయన, మనసు కష్టపెట్టుకుంటారు."

మర్నాడు కాగితాలు వినోద్ కుమార్‌కి పంపింది. "నేను చూసేశానండి. ఇక అచ్చుకి ఇవ్వచ్చు" అని కూడా చెప్పింది. పిల్లల చేతుల్లోకి తప్పు పోదు, మాస్టారికి నొప్పి తెలీదు. ఇంతకంటే బాగా ఎవరు చేయగలరు అని కూడా అనుకుంది పాపం.

వినోద్ కుమార్ ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. వాళ్ళ నాన్న నాటి నుంచీ వస్తున్నది. పుస్తకం రాసిన మనిషి ప్రతి పేజీ కింద సంతకం పెడితే తప్ప ఆ పేజీ మిషనెక్కదు. ఎవరు చూసినా, ఎవరు డబ్బిచ్చినా సరే, సంతకం రాసినవాళ్ళదే ఉండాలి. కాబట్టి అతను మొత్తం కాగితాలు కవర్లో పెట్టి రేపల్లె పంపించాడు. ఆ మాట హెప్సిబాకి చెప్పాలని అతనికి తోచనైనా తోచలేదు. ఎందుకు తోస్తుంది, అతనికి అది రోజూ చేసే పని.

కవరు రేపల్లె చేరిన మూడో రోజు కాంతమ్మగారు హెప్సిబాకి ఫోన్ చేసింది. మాస్టారి భార్య. ఆవిడ ఎప్పుడూ ముందు పిల్లల్ని అడిగి, ఆరోగ్యాలు అడిగి, ఆ తర్వాత విషయానికొస్తుంది. ఈసారి నేరుగా వచ్చేసింది.

"అమ్మాయ్, మీ సారు ఆ కాగితాలు ముందేసుకుని రెండ్రోజుల్నుంచి అట్టాగే కూర్చున్నారు. అన్నిటికీ సంతకాలు పెట్టారు. ఓ నాలుగు కాగితాలకి పెట్టట్లా. ఏంటని అడిగితే పలకట్లా. నువ్వోసారి రా."

ఆ నాలుగు కాగితాలు ఏవో హెప్సిబా అడగాల్సిన పని లేకపోయింది.

సెలవు పెట్టి పొద్దున్నే తెనాలి వెళ్ళింది. ప్రెస్సులో మాస్టారు స్వయంగా రాసిన అసలు నోటుబుక్కు అడిగి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలీదు, వట్టి చేతులతో వెళ్ళలేక కావచ్చు. రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. జంపని దాటింది, వేమూరు దాటింది. ఒళ్ళో ఉన్న నోటుబుక్కు తెరిస్తే గుండ్రటి అక్షరాలు కనిపించాయి. పక్కన మార్జిన్ వదిలి గీసిన ఎర్ర గీత కనిపించింది. ఆ ఎర్ర గీత చూడగానే ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. తను చేసిన అసలు తప్పేంటో అప్పుడు తెలిసింది.

మాస్టారు ఏనాడూ నోటుబుక్కుల కట్ట ఇంటికి మోసుకెళ్ళలేదు. మిగతా టీచర్లు సాయంత్రం సైకిలు వెనక కట్ట కట్టుకుని వెళ్ళేవారు, మర్నాడు టిక్కులతో, సున్నాలతో పుస్తకాలు తిరిగొచ్చేవి. బర్నబాస్ మాస్టారు మధ్యాహ్నం భోజనాలప్పుడు, బడి వదిలాక, ఒక్కొక్కళ్ళనీ పిలిచేవారు. తన కుర్చీ పక్కన స్టూలు వేసేవారు. "కూర్చో" అనేవారు. ఆ పిల్లో పిల్లవాడో కూర్చున్నాకే ఎర్రపెన్ను మూత తీసేవారు. "ఇక్కడ ఎందుకిట్టా రాశావు?" అని అడిగి, జవాబు విని, అప్పుడు దిద్దేవారు. పిల్లలు బడికి రాకపోతే పుస్తకం అలాగే ఉండిపోయేది. మనిషి లేకుండా పుస్తకం దిద్దడం ఏంటి అనేవారు. చివర్లో మార్కులు వేసేవారు కాదు. పేజీ కింద తేదీ వేసి, "మళ్ళీ రాసి చూపించు" అని తెలుగులో రాసేవారు. తప్పుల్లేని పేజీకి సంతకం ఒక్కటే పెట్టేవారు. ఆ సంతకం కోసం హెప్సిబా ఒకే పేజీ ఏడుసార్లు రాసిన రోజుంది.

అలాంటి మనిషి పుస్తకాన్ని ఆయన లేకుండా, ఆయనకి తెలీకుండా దిద్దేసింది. రేపల్లె స్టేషన్లో దిగి, నోటుబుక్కు చేత్తో పట్టుకుని మాస్టారింటికి నడిచింది.

మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఆ నాలుగు కాగితాలు ఒళ్ళో ఉన్నాయి. "రా తల్లీ" అనలేదు. ఎప్పుడూ అనే మనిషి అనకపోతే గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది హెప్సిబాకి.

"ఈ పాఠం ఎవరిది?" అన్నారు.

"మీదేనండి."

"నాది కాదు. నిమ్మకాయలు నావి. వాన నాది. పాఠం నాది కాదు."

"సార్, ఆ రూలు..."

"రూలు సంగతి ఆనక. రెండ్రోజులు చదివాను. ఒక్కో వాక్యం పట్టుకుని చూశాను. నువ్వు రాసిందే రైటు. అది నాకు అర్థమైంది." ఆయన గొంతులో కోపం లేదు. కోపమైతే హెప్సిబా తట్టుకునేది. "నాకు అర్థం కానిది ఒకటే. ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఈ మధ్యనే తెలిసిందని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆయన చూపు ముందు అబద్ధం నిలబడదు, చిన్నప్పుడూ నిలబడలేదు.

"ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచండి. రెండు వేల సంవత్సరం."

మాస్టారు లెక్కపెట్టుకుంటూ వేళ్ళు మెల్లగా ఒక్కొక్కటే మడిచారు.

"నేను రిటైరైంది రెండు వేల ఏడులో" అన్నారు. "ఏడు బ్యాచులమ్మా. ఏడు బ్యాచుల పిల్లలు. అది తప్పని తెలిసిన మనిషి ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి, ఇదిగో ఈ వరండాలో కూర్చుని, కాఫీ తాగి వెళ్ళింది. నేను సెలవులైపోగానే బడికెళ్ళి మళ్ళీ అదే చెప్పాను."

"మీరు బాధపడతారని సార్..."

"బాధపడేవాణ్ణి. ఎందుకు పడను? ఓ వారం అన్నం సయించేది కాదు. ఆ తర్వాత మార్చుకుని చెప్పేవాణ్ణి."

హెప్సిబా ఇన్నేళ్ళూ తన మౌనాన్ని గౌరవం అనుకుంది. ఆ గౌరవం ఖరీదు ఏడు బ్యాచుల పిల్లలు కట్టారని ఆమెకి ఏనాడూ తట్టలేదు. వాళ్ళలో ఎంతమంది ఎక్కడెక్కడ, ఎవరి ముందు నవ్వులపాలయ్యారో? తను గుంటూరులో అయినట్టే అయి ఉంటారు. కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకోలేదు కూడా.

కాంతమ్మగారు కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి, "పోనీండి, పిల్లది భయపడి చెప్పలేదేమో" అంది.

"భయం కాదు కాంతం, మర్యాద" అన్నారు మాస్టారు. తర్వాత హెప్సిబా వైపు తిరిగి, "నీ పుస్తకం నువ్వు లేకుండా నేను ఎప్పుడన్నా దిద్దానా?" అని అడిగారు.

"లేదండి."

"మరి నా పుస్తకం?"

మాస్టారు లేచారు. లోపలికెళ్ళి స్టూలు తెచ్చి పడక్కుర్చీ పక్కన వేశారు. తర్వాత దాన్ని చూసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఆ స్టూలు మీద తనే కూర్చున్నారు. ఆమెకి కుర్చీ చూపించారు. జేబులోంచి ఎర్రపెన్ను తీసి ఇచ్చారు.

"అచ్చు కాగితాలు పక్కన పెట్టు. నా నోటుబుక్కు తెచ్చావుగా? తియ్యి. ఇప్పుడు దిద్దు. ఎందుకో చెప్పి దిద్దు."

మొదటి కామా కొట్టేయడానికి ఆమె చెయ్యి లేవలేదు. మాస్టారు ఎదురుచూశారు. చివరికి నిమ్మకాయల మనిషి పక్కన ఉన్న కామా మీద ఎర్రగీత పడింది.

"ఇది ఎందుకు తీసేశావు?"

"ఆ మనిషి గురించే కదండి తర్వాత చెబుతున్నాం. మనిషినీ, ఆయన ఎవరో చెప్పే మాటనీ విడదీయకూడదు సార్."

"ఎంత పొడుగు ఉన్నా?"

"ఎంత పొడుగు ఉన్నా అంతేనండి."

"మరి చదివేవాడు ఊపిరి తీసుకోవద్దా?"

"తీసుకోవచ్చండి. అది చదివేవాడి ఇష్టం."

మాస్టారు ఆ వాక్యాన్ని పెదాలు కదుపుతూ ఒకసారి చదువుకున్నారు. వీధిలో ఆటో ఏదో వెళ్ళింది. "అంటే కామా నోటి కోసం కాదు, అర్థం కోసం" అన్నారు, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "నేను మా నాన్న గీతలు తెచ్చి పెట్టాను. ఆయన గీతలు చదవడానికి. అవి రాయడానికి పెట్టాను." ఆయన మొహంలో నొప్పి కనిపించింది. దాచుకోలేదు.

వాన దగ్గరికొచ్చాక గబగబా సాగింది పని. రెండు పూర్తి వాక్యాల్ని కామాతో అంటించిన చోటల్లా ఫుల్‌స్టాప్ పెట్టింది. ఊపులో ఉండి "కమ్ హియర్, సుష్మా" అన్న వాక్యంలో కామా మీద కూడా గీత పెట్టబోయింది. మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"అదెందుకు?"

హెప్సిబా చూసుకుని నాలుక కరుచుకుంది. "సారీ సార్. అది ఉండాలండి. పేరు పెట్టి పిలిచినప్పుడు ఉండాలి."

"హమ్మయ్య! ఒక్కటన్నా నాది మిగిలింది" అన్నారు మాస్టారు. ఆ రోజు అదే మొదటి నవ్వు. గుమ్మంలో కాంతమ్మగారు కూడా నవ్వింది, ఎందుకో తెలీకుండానే.

పేజీ అయిపోయింది. ఎర్రపెన్ను మూత పెట్టబోతుంటే, "కింద రాయాల్సింది రాయలేదే" అన్నారు. హెప్సిబా వద్దన్నట్టు చూసింది. ఆయన వినలేదు. హెప్సిబా తేదీ వేసి, "మళ్ళీ రాసి చూపించండి" అని రాసింది. ఆ చివర 'అండి' మీద మాస్టారు వేలు పెట్టి చూసి, నోటుబుక్కు తీసుకున్నారు.

మర్నాడు సాయంత్రం కొండలరావు ఫోన్. "ఏంటమ్మా ఇది! పాఠం మొదట్లో ఈ పాఠం నేనిన్నాళ్ళూ తప్పు చెప్పానని రాస్తారంట సారు. సన్మానం పుస్తకంలో ఎవరన్నా అట్టా రాసుకుంటారా? పొగుడుతూ ముందుమాటలు రాసినోళ్ళు ఏమనుకోవాలి? నువ్వన్నా చెప్పు. నీ మాట వింటారు."

"నేను చెప్పను కొండలరావ్" అంది హెప్సిబా. "చెప్పకుండా ఉండి ఇదివరకు చేసింది చాలు, ఇప్పుడు చెప్పి ఇంకోటి చెడగొట్టలేను."

అతనికి అర్థమైందో లేదో తెలీదు. "మీ టీచర్లతో పడలేం" అని పెట్టేశాడు.

తర్వాతి వారం, శుక్రవారం మూడో పీరియడ్. హెప్సిబా బాపట్ల స్కూల్లో స్టాఫ్ రూములో ఉంది. తొమ్మిదో తరగతి కీర్తన నోటుబుక్కుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ కట్ట సాయంత్రం ఇంటికెళుతుంది, టీవీ ముందు టిక్కులు పడతాయి, రేపొద్దున తిరిగొస్తుంది. ఇన్నేళ్ళుగా అంతే. కీర్తన వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "మేడమ్, మీకోసం ఎవరో తాతగారు వచ్చారండి" అంది.

మాస్టారు. చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చారట. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసిపోయింది. చేతిలో గుడ్డసంచీ, అందులో నోటుబుక్కు ఉన్నాయి. హెప్సిబా ఒక్క ఉదుటున లేచి నిలబడింది. మిగతా టీచర్లు కూడా, ఎవరో తెలీకపోయినా, ఆమెని చూసి లేచారు.

"కూర్చోండమ్మా కూర్చోండి. నేను పుస్తకం చూపిద్దామని వచ్చాను" అన్నారు మాస్టారు, అదేదో అందరూ చేసే పనే అయినట్టు. ఒక స్టూలు లాక్కుని హెప్సిబా కుర్చీ పక్కన కూర్చున్నారు.

పాఠం మొత్తం కొత్తగా రాశారు. అక్షరాలు కాస్త వణికాయి, అంతే, మార్జిన్ గీత మాత్రం నిటారుగా ఉంది. పేజీ మొదట్లో ఒక వాక్యం విడిగా రాసి ఉంది. "ఐ టాట్ దిస్ లెసన్ రాంగ్లీ ఫర్ థర్టీ వన్ ఇయర్స్, మై స్టూడెంట్ హెప్సిబా కరెక్టెడ్ ఇట్." ముప్పై ఒక్క ఏళ్ళు ఈ పాఠం తప్పు చెప్పాను, నా విద్యార్థిని హెప్సిబా దిద్దింది.

హెప్సిబా ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. రెండు పూర్తి వాక్యాలు, మధ్యలో కామా. మళ్ళీ ఊపిరి కామాయే. డెబ్భై అయిదేళ్ళ మనిషి తన తప్పు ఒప్పుకుంటూ రాసిన వాక్యంలో ఇంకా తప్పుందని ఎలా చెప్పడం? మిగతా పాఠం అంతా శుభ్రంగా ఉంది. ఈ ఒక్కటీ వదిలేసి, ప్రెస్సులో వినోద్ కుమార్‌కి ఫోన్ చేసి చెబితే అతనే మార్చేస్తాడు. ఆయనకి తెలీనే తెలీదు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

"ఏంటి, ఆగావ్?" అన్నారు మాస్టారు.

హెప్సిబా ఎర్రపెన్ను మూత తీసింది. ఆ కామాని ఫుల్‌స్టాప్ చేసింది.

మాస్టారు ముందుకి వంగి చూశారు. "అరెరె" అన్నారు. నొచ్చుకున్నారు, ఆ నొచ్చుకోవడం మొహంలో స్పష్టంగా కనబడింది. తర్వాత తల ఊపారు. "నిజమే. ఇంకా పోలేదు నా నుంచి అది."

"సార్, ఇక్కడ ఇంకో వాక్యం కావాలండి" అంది హెప్సిబా.

"ఏం వాక్యం?"

ఆమె చెప్పలేదు. పెన్ను మార్చి, నీలం సిరాతో, ఆయన రెండు వాక్యాల కింద తన చేత్తోనే రాసింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. రెండుసార్లు చదివారు.

"వద్దమ్మా" అన్నారు. "ఇది పిల్లలు చదువుతారు. నీ స్కూలు పిల్లలు కూడా చదువుతారు."

"చదవనివ్వండి సార్. మీ తప్పు పుస్తకంలో ఉంటే నాది కూడా ఉండాలి. మీది తెలీక చేసింది. నాది తెలిసి చేసింది."

మిగతా టీచర్లు ఎవరి కాగితాల్లో వాళ్ళు తలలు దూర్చారు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. మాస్టారు నోటుబుక్కు ఆమె వైపు తోశారు.

"అయితే నిలబడి చదువు" అన్నారు.

హెప్సిబా నిలబడింది. పదో తరగతిలో నిలబడినట్టే పుస్తకం రెండు చేతులతో పట్టుకుంది. మొదటి వాక్యం చదివి ఆగింది, రెండో వాక్యం చదివి ఆగింది, ఫుల్‌స్టాప్ ఉంది కాబట్టి ఆగింది. మూడోది తన వాక్యం. "షి న్యూ ఇట్ ఫర్ ట్వెంటీ ఫోర్ ఇయర్స్" వరకూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆమెకి తెలుసు. అక్కడ ఆమె ఊపిరి ఆగిపోయింది. ఎంతసేపటికో గానీ మిగతాది రాలేదు. "అండ్ డిడ్ నాట్ టెల్ మీ." అయినా నాకు చెప్పలేదు.

స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతోంది. మాస్టారు తలెత్తి ఆమెని చూశారు.

"అక్కడ కామా లేదుగా" అన్నారు.

"లేదండి" అంది హెప్సిబా.

మాస్టారు ఆమె చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, పేజీ కింద తన సంతకం పెట్టారు. పక్కనే ఖాళీ వదిలి పెన్ను ఆమెకిచ్చారు, ఆమె సంతకం కూడా పెట్టమని.

"ఆగొచ్చు. తప్పేం లేదు" అన్నారు. "కామా మాత్రం పెట్టమాక."